క్యూ ఎక్కడ నిలబడాలి?

భిలాయి ఉక్కు నగరంలోని రిసాలిలో సంక్రాంతికి ముందు వారం ఉదయం 10.58 గంటలంటే తెలుగు ఇళ్లలో గుండెలు దడదడలాడే సమయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉక్కు కర్మాగారం కొలువుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన కుటుంబాలకు పండక్కి ఊరెళ్లాలంటే దుర్గ్ మీదుగా వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లే దిక్కు. స్లీపర్ తత్కాల్ 11 గంటలకు తెరుచుకుంటుంది. ఇంట్లో ఒకరు కంప్యూటర్ ముందు, ఇంకొకరు సెల్‌ఫోన్‌తో సిద్ధం. పదకొండు కొట్టగానే తెరమీద చక్రం తిరగడం మొదలవుతుంది. అది ఆగేసరికి మిగిలేది వెయిటింగ్ లిస్టే. సర్వర్ పడిపోయిందని ఇంటిల్లిపాదీ తిట్టుకుంటారు.

చాలాసార్లు సర్వర్ పడిపోదు. నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. కాకపోతే వచ్చినవారిని కంటికి కనిపించని ఓ క్యూలో నిలబెడుతుంది. ఆ క్యూ ఎక్కడ ఉండాలి, ఎంత పొడవుండాలి, నిండితే ఏం చేయాలి అన్నది తేల్చడమే సర్వర్ ట్యూనింగ్‌లో సింహభాగం. మిగతాదంతా చిల్లర పనే.

ఒకప్పుడు ఈ క్యూ కంప్యూటర్ బయట, స్టేషన్ వరండాలో ఉండేది. రైల్వే ప్రస్తుత రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్‌కు మూలమైన 'కాన్సర్ట్' వ్యవస్థను రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం క్రిస్ మొదట ప్రవేశపెట్టింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. కౌంటర్ ముందు 200 మంది నిలబడినా కంప్యూటర్‌కు కనిపించేది ఒక్క గుమాస్తానే. ఎన్ని కౌంటర్లుంటే ఒక్క క్షణంలో అన్ని అభ్యర్థనలు, అంతకు మించి రావు. జనాన్ని అదుపు చేసే పని యంత్రానిది కాదు, ఇనుప కటకటాలది, అప్పుడప్పుడు రైల్వే పోలీసు లాఠీది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టాక కటకటాలు పోయాయి. వరండాలో జనమంతా ఒక్కసారిగా యంత్రంలోకి వచ్చిపడ్డారు.

లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బ్రౌజర్ పంపిన పిలుపు ముందు చేరేది వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను కాదు, దాని కిందున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను. సర్వర్ ఇంకా చేపట్టని కనెక్షన్లను అది ఒక వరుసలో ఉంచుతుంది. లినక్స్‌లో ఈ వరుస గరిష్ఠ పొడవు ఏళ్ల తరబడి 128గానే ఉండేది. 2019లో వచ్చిన 5.4 వెర్షన్‌లో దాన్ని 4,096కు పెంచారు. వరుస నిండితే మామూలుగా లినక్స్ 'స్థలం లేదు' అని కూడా చెప్పదు. కొత్త పిలుపును చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. జవాబు రాకపోవడంతో అవతలి యంత్రం సుమారు ఒక సెకను ఆగి మళ్లీ పంపుతుంది, అదీ పోతే మరో రెండు సెకన్లు, ఆపైన నాలుగు. అంటే రెండుసార్లు తిరస్కరణకు గురైన వ్యక్తి తలుపు దగ్గరే మూడు సెకన్లు పోగొట్టుకుంటాడు. వార్తలు చదివేవారికి మూడు సెకన్లు లెక్కలోకి రావు. తత్కాల్‌కు మూడు సెకన్లంటే బండి తప్పిపోయినట్టే.

అయితే వరుసను పొడిగిస్తే సరిపోతుందా? ఇక్కడే చాలామంది నిర్వాహకులు బోల్తాపడతారు. సైట్ నెమ్మదించగానే కనిపించిన ప్రతి అంకెనూ పెంచేయడం వారి మొదటి చికిత్స. చిన్న లెక్క చూస్తే అందులోని ప్రమాదం తెలుస్తుంది. 4 జీబీ మెమొరీ ఉన్న యంత్రంపై ఎపాచీ సర్వర్‌ను పాత పద్ధతిలో, మనిషికో ప్రాసెస్ చొప్పున నడుపుతున్నారనుకుందాం. ఒక్కో ప్రాసెస్ 30 ఎంబీ తింటుంది. ఒకేసారి 256 ప్రాసెస్‌లకు అనుమతిస్తే కావలసిన మెమొరీ 7.5 జీబీ. లేని మెమొరీని ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నుంచి అరువు తెస్తుంది. డిస్కేమో మెమొరీ కంటే వేల రెట్లు నెమ్మది. దాంతో ప్రతి ప్రాసెస్ పనీ సాగిలపడుతుంది, పని తెమలక కొత్త ప్రాసెస్‌లు పుడతాయి, అవి ఇంకాస్త అరువు అడుగుతాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. సైట్ చచ్చిపోయేది జనం ఎక్కువై కాదు, అందరినీ ఒకేసారి లోపలికి రానిచ్చినందుకు.

చికిత్స తలకిందులుగా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, డేటాబేస్‌కు ఒక జీబీ వదిలేసి, మిగిలిన మూడింటిని 30 ఎంబీతో భాగిస్తే వచ్చేది దాదాపు 100. పరిమితిని 256 నుంచి 100కు తగ్గించాలి. తగ్గిస్తే వేగం పెరుగుతుందంటే పై అధికారులు నమ్మరు, కానీ పెరుగుతుంది. నూటొకటో మనిషి బయట కాసేపు ఆగుతాడు, లోపలున్న నూరుగురి పని చకచకా తెములుతుంది, అతని వంతు త్వరగానే వస్తుంది. పనిలో పనిగా 'కీప్ అలైవ్' గడువునూ చూడాలి. పేజీ ఇచ్చేశాక కూడా ఆ మనిషి మళ్లీ ఏమైనా అడుగుతాడేమోనని ప్రాసెస్ ఖాళీగా ఎదురుచూసే సమయం ఇది. ఎపాచీ 2.0 వరకూ ఇది 15 సెకన్లు, 2.2లో 5కు దిగింది. భోజనం ముగించిన వ్యక్తి కుర్చీలోనే కబుర్లు చెబుతుంటే మెస్ యజమానికి ఎంత నష్టమో ఇదీ అంతే.

ఈ మాట ఉక్కు కార్మికులకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ నాటినుంచీ భిలాయికి తెలిసిన విషయమే ఇది. ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము వస్తూనే ఉంటుంది. స్టీల్ మెల్టింగ్ షాప్‌లో పని నిలిచిపోతే, లేడిళ్లలోని వేడి లోహం చల్లారకముందే పిగ్ కాస్టింగ్ మెషీన్‌కు తరలించి దిమ్మలుగా పోసేస్తారు. ఉక్కుకు రావలసిన ధర రాదు, నిజమే. కానీ లేడిళ్లలో లోహం గడ్డకట్టదు. మంచి సర్వర్‌కూ ఇలాంటి పక్కదారి ఉండాలి. తట్టుకోలేనంత మంది వస్తే కొందరికి 'ఇప్పుడు వీలుకాదు, కాసేపాగి రండి' అని తేలికపాటి పేజీ వెంటనే ఇచ్చి పంపాలి. అందరినీ ఒక నిమిషం నిలబెట్టి చివరికి అందరికీ లేదనడం కంటే అది మర్యాద.

ఈ వ్యవహారం వెనక శతాబ్దం నాటి గణితం ఉంది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ 1909లోనే ఫోన్ పిలుపుల రద్దీపై లెక్కలు ప్రచురించారు. ఆయన వేసిన దారిలో తర్వాత తేలిన ఒక సులువైన సూత్రం ప్రకారం, సగటున సెకనులో పదోవంతు పట్టే పని చేసే ఒక యంత్రం దగ్గరికి జనం ఎప్పుడుపడితే అప్పుడు వస్తుంటే, యంత్రం సగం సమయం పనిలో ఉన్నప్పుడు ఒక్కొక్కరికి పట్టేది 0.2 సెకను. 80 శాతం పనిలో ఉంటే అర సెకను, 90 శాతమైతే ఒక సెకను, 95 శాతానికి రెండు సెకన్లు. 99 శాతానికి ఏకంగా పది! అందుకే నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిన సైట్ ఈరోజు పిసరంత రద్దీ పెరగ్గానే చతికిలబడుతుంది. యంత్రాన్ని నూరు శాతం వాడుకోవాలన్న పొదుపు బుద్ధి ఇక్కడ పనికిరాదు.

మనిషికో ప్రాసెస్ అనే పద్ధతే తప్పని 1999లో అమెరికా ప్రోగ్రామర్ డాన్ కెగెల్ వాదన లేవదీశారు. ఒకే యంత్రం పదివేల మందిని ఒకేసారి ఎందుకు చూసుకోలేదన్నది ఆయన ప్రశ్న. అప్పట్లో ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకోవడానికి సర్వర్ ప్రతి కనెక్షన్‌నూ వరుసబెట్టి పలకరించేది. పదివేల మందిలో ఇద్దరే అడిగినా పదివేల గుమ్మాలూ తొక్కాల్సిందే. మాట్లాడదలచినవారి పేర్లు మాత్రమే ఇచ్చే 'ఈపోల్' సదుపాయం 2002లో లినక్స్ అభివృద్ధి దశలోకి వచ్చింది. రష్యాలో రాంబ్లర్ సంస్థలో పనిచేస్తున్న ఇగోర్ సిసోయెవ్ ఇలాంటి సదుపాయాలను ఆధారం చేసుకుని రాసిన 'ఇంజిన్ ఎక్స్' సర్వర్ 2004 అక్టోబరులో విడుదలైంది. కొద్దిపాటి ప్రాసెస్‌లతోనే వేలమందిని సంబాళించడం దాని ప్రత్యేకత. ఎపాచీ కూడా తర్వాత అదే బాట పట్టింది. 2012లో వాట్సాప్ ఒక్క సర్వర్‌పై 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టినట్టు ప్రకటించాక కెగెల్ అడిగిన పదివేలు చిన్నపిల్లల లెక్కలా కనిపించసాగింది.

ఇంత చరిత్ర ఉన్నా, సెట్టింగులను ఒకరి దగ్గర చూసి మరొకరు దించేయడం మాత్రం తగ్గలేదు. దీనికి మంచి ఉదాహరణ లినక్స్‌లోని 'టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్' అనే మీట. మూసేసిన కనెక్షన్ గుర్తును లినక్స్ 60 సెకన్ల పాటు అట్టేపెట్టుకుంటుంది. ఆ గుర్తులను వెంటనే చెరిపేసే ఈ మీటను నొక్కితే సర్వర్ పరుగులు తీస్తుందని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. పరీక్షించి చూస్తే అంతా బాగానే కనిపించేది. కానీ ఒకే ఇంటర్నెట్ చిరునామా వెనక అనేకమంది ఉంటే, వారి యంత్రాల గడియారాలు ఒకదానితో ఒకటి సరిపోలక, కొందరి పిలుపులను సర్వర్ చెత్తగా భావించి పారేసేది. ఒకే కార్యాలయంలో ఒకరికి సైట్ తెరుచుకుంటుంది, పక్క కుర్చీలోని వారికి తెరుచుకోదు. సెల్‌ఫోన్ కంపెనీలు ఒక్కో చిరునామా వెనక ఎందరెందరినో దాచే ఇండియాలాంటి దేశంలో ఇదెంత ముప్పో ఊహించవచ్చు. చివరికి 2017లో లినక్స్ 4.12 నుంచి ఆ మీటనే పీకేశారు. ఏ సెట్టింగైనా మార్చేముందు కొలవడం, ఒకసారికి ఒక్కటే మార్చడం, మళ్లీ కొలవడం తప్ప అడ్డదారి లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక రైల్వే సంగతి. 2014 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ కొత్త తరం వ్యవస్థ వచ్చినప్పుడు నిమిషానికి 2,000 టికెట్లుగా ఉన్న సామర్థ్యం 7,200కు పెరిగిందని ప్రకటించారు. తరచూ అవసరమయ్యే సమాచారాన్ని డిస్కులో వెతకకుండా మెమొరీలోనే సిద్ధంగా ఉంచడం అప్పటి ప్రధాన మార్పుల్లో ఒకటి. 2025 మే 22న ఉదయం 10 గంటలకు ఒకే నిమిషంలో 31,814 టికెట్లు అమ్ముడై రికార్డయింది. అదే ఏడాది రైల్వే శాఖ బయటపెట్టిన మరో సంగతి మరింత ఆసక్తికరం. తత్కాల్ తెరిచిన తొలి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో దాదాపు సగం దాకా మనుషులవి కావు, దళారుల బాట్ ప్రోగ్రాములవి. వాటిని ముందే వడగట్టే ఏర్పాట్లు చేసి, అనుమానాస్పదమైన 2.5 కోట్ల యూజర్ ఐడీలను రద్దు చేశారు. సర్వర్ దాకా రాకుండా ఆగిన పిలుపును మించిన వేగవంతమైన పిలుపు లేదు. సగం రద్దీ దొంగదైనప్పుడు మెమొరీ పెంచడం, వరుసలు పొడిగించడం దొంగలకు కుర్చీలు వేయడమే.

ఇంకో చేదు నిజముంది. ఎంత ట్యూనింగ్ చేసినా బండిలో ఒక్క బెర్తు కూడా పెరగదు. సర్వర్ పదింతలు వేగవంతమైతే అవే బెర్తులు పదోవంతు సమయంలో అయిపోతాయి, అంతే. దుర్గ్ నుంచి రాయపూర్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖకు 2024 సెప్టెంబరు 16న మొదలైన వందే భారత్ ఆ దారిలో కొత్త సీట్లు చేర్చింది. అది కంప్యూటర్ గదిలో జరిగే పని కాదు.

సీట్లు తక్కువ, జనం ఎక్కువ అయిన చోట వరుసకు నియమం పెట్టడమే మిగులుతుంది. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. తెరిచిన తొలి అరగంట అధీకృత ఏజెంట్లను కూడా దూరంగా ఉంచారు, ఏసీకి 10.30 దాకా, స్లీపర్‌కు 11.30 దాకా. వరండాలో రైల్వే పోలీసు చేసిన పనిని ఇప్పుడు ఆధార్‌కు లంకె వేసిన ఫోన్‌కు వచ్చే ఓటీపీ చేస్తోంది. దానికీ దాని వరుస ఉంది. ఆ సందేశం వచ్చేసరికి ఎన్ని సెకన్లు గడిచాయో మాత్రం ఐఆర్‌సీటీసీ సర్వర్ చేతిలో లేదు, ఫోన్ కంపెనీ సర్వర్ చేతిలో ఉంది.