సిలిండరుపై మెత్తని పలక

పాల సంచిపై ఎర్ర అక్షరం పక్కన నీలిరంగు నీడ కనిపిస్తే చాలామంది సిరానూ యంత్రాన్నీ తప్పుపడతారు. తప్పు తరచు అంతకుముందే, పలకను సిలిండరుకు అతికించేటప్పుడే జరిగి ఉంటుంది.

ఫ్లెక్సో ముద్రణలో (1952 వరకు దీనిని అనిలిన్ ముద్రణ అనేవారు) వాడే ఫోటోపాలిమర్ పలక రబ్బరువలె మెత్తనిది. చదునుగా తయారైన పలకను సిలిండరుకు చుట్టగానే పైభాగం సాగుతుంది. పలక మందం 1.70 మి.మీ., అడుగు ఫిల్ము 0.125 మి.మీ. అయితే ఈ సాగుదల ఒక చుట్టుకు సుమారు 9.9 మి.మీ. ముద్రణ చుట్టుకొలత 400 మి.మీ. అనుకుంటే దాదాపు రెండున్నర శాతం! అందుచేత నెగెటివులోనైనా, కంప్యూటరులోనైనా బొమ్మను ముందే ఆ మేరకు కుదించాలి. చేతితో లాగి సరిచేస్తే పలక తిరిగి ముడుచుకుంటుంది.

కొంతకాలం క్రితం పుదుచ్చేరి పట్టణంలో ఒక ముద్రణశాలకు సలహా నిమిత్తం వెళ్ళాము. సాయంత్రం తీసిన ప్రూఫులో నాలుగు రంగుల గుర్తులూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చున్నాయి. తెల్లవారేసరికి ఒక పలక అంచు లేచి ఉంది. టేపు మార్చినా అంతే. అతికించిన కార్మికునికి మెమో సిద్ధమైంది. అనుకోకుండా మా చేయి సిలిండరుపై పడింది. చల్లగా, తడిగా ఉంది. ఏ.సి. గదినుండి తెచ్చి వెంటనే అతికిస్తున్నారు. సముద్రపు గాలిలోని తేమ దానిపై చెమర్చుతోంది. (రెండు రోజులు మా పట్టా ఏ పెట్టెలో నిద్రించినదో!)

సిలిండరును గది వేడికి రానిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరిన తరువాత పలకను మధ్యనుండి అంచులకు ఒత్తాము. మర్నాటి ప్రూఫులో గుర్తులు కదలలేదు. మెమో ఫైలులోనే ఉండిపోయింది.