చెవికే కాదు, తరగతి గదికీ పరీక్ష కావాలి

పిలిస్తే ఒక పట్టాన పలకడు. డిక్టేషన్‌లో ‘గాలి’ అంటే ‘కాలి’ అని రాస్తాడు. ఇంట్లో ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే అన్నీ అర్థమయ్యే పిల్లాడే, బడిలో టీచరు బోర్డు వైపు తిరిగి ‘నలభై రెండో పేజీ తీసి మూడో లెక్క చెయ్యండి’ అనగానే పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తాడు. అనుమానంతో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆడియోగ్రామ్ నార్మల్‌గా వస్తుంది. అక్కడితో వైద్యం ముగిసి తిట్లు మొదలవుతాయి. ధ్యాస లేదు, మొండి, చెప్పింది చెవిన పెట్టడు!

నిశ్శబ్దంగా ఉన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, ‘బీప్’ వినపడిందా అని అడిగే పరీక్ష ఎంత చిన్న శబ్దం వినపడుతుందో చెబుతుంది. మాట అర్థం కావడానికి అది మొదటి మెట్టు మాత్రమే. గోలలోంచి మాటను విడదీయడం, రెండు చెవుల నుంచి వచ్చినదాన్ని కలిపి చూడటం, ‘గ’కీ ‘క’కీ మధ్య పదుల మిల్లీసెకన్ల తేడాను పట్టుకోవడం మెదడు పని. అక్కడ తేడా వస్తే దాన్ని ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటున్నారు. 1954లో ఇటలీలో బొక్కా బృందం మెదడు పక్కభాగంలో కణితులున్న రోగులను పరీక్షించింది. మామూలు వినికిడి పరీక్షలో వాళ్లకు లోపమేమీ కనిపించలేదు. కావాలని అస్పష్టం చేసిన మాటలు వినిపించినప్పుడే తడబాటు బయటపడింది.

ఇప్పుడు ఆ పిల్లాడు హైదరాబాద్ శివారులోని పహాడీ షరీఫ్‌లో ఉన్నాడనుకుందాం. దర్గా గుట్ట పక్కనుంచే శ్రీశైలం హైవే, దాని మీద లారీలు. శంషాబాద్ విమానాశ్రయం కూతవేటు దూరం. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. ప్రభుత్వ బడిలో 2022–23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం. పరాయి భాషను గోలలో వినాలంటే ఏ లోపమూ లేని చెవులే తడబడతాయి. దీనికి తోడు జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరే పిల్లలున్నారు. లోపం మెదడులో ఉందా, భాష కొత్తదా, గది గోలగా ఉందా, చెవిలో నీరుందా? బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

గది సంగతి తేలిగ్గా తీసుకోకూడదని మ్యూనిక్ అనుభవం చెబుతోంది. 1992లో అక్కడ పాత విమానాశ్రయం మూసి, కొత్తది తెరిచారు. ముందూ వెనకా రెండు చోట్లా పిల్లలను పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లల్లో చదువు, దీర్ఘకాలిక జ్ఞాపకశక్తి దెబ్బతిన్నాయి. గోలలో మాట పోల్చుకునే శక్తి కూడా తగ్గింది. పాతదాని దగ్గరి పిల్లల్లో చదువు, జ్ఞాపకశక్తి మెరుగుపడ్డాయి. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలినప్పుడు మన నగరంలో జరిగిందీ అలాంటి మార్పే.

ఇక ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో డేవిడ్ మూర్ బృందం దాదాపు 1500 మంది పిల్లలను పరీక్షించి, చాలావరకు సమస్య శబ్దాన్ని గ్రహించడంలో కంటే ఏకాగ్రతలోనే ఉందని 2010లో తేల్చింది. ఆ వాదనలో బలముంది. కానీ దాన్ని పట్టుకుని ‘అయితే రుగ్మత లేనట్టే’ అని పిల్లాడిని వెనక బెంచీకి పంపడం అన్యాయం. పేరు ఏదైనా, వాడికి పాఠం అందడం లేదన్నది నిజం. పేరు తేలేదాకా సాయం ఆగకూడదు.

చట్టమూ చెవి దగ్గరే ఆగిపోయింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టముంటేనే వినికిడి లోపం. ఆడియోగ్రామ్ నార్మల్‌గా ఉన్న ఈ పిల్లాడు ఆ లెక్కలోకి రాడు. ప్రత్యేక అభ్యసన వైకల్యం నిర్వచనంలో మాత్రం భాషను గ్రహించడంలో లోపం ప్రస్తావన ఉంది. పరీక్షల్లో వెసులుబాటు కోసం ఆ దారినైనా ఈ పిల్లలకు తెరవాలి.

మెదడు మాటను ఎలా పట్టుకుంటుందో చూసే పరీక్షలు ఏడేళ్లలోపు అంతగా నమ్మదగినవి కావు. ఆ తర్వాతైనా పిల్లాడి ఇంటి భాషలో జరగాలి. ఇంగ్లిష్ మాటలతో పరీక్షిస్తే తేలేది ఇంగ్లిష్ ఎంత వచ్చో మాత్రమే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తెలుగులో, దక్కనీ ఉర్దూలో గోల మధ్య మాట వినే పరీక్షలను బడిపిల్లల దాకా తెచ్చే బాధ్యత దానికి అప్పగించాలి. బడులకు వెళ్లే బాల స్వాస్థ్య బృందాలు అనుమానమున్న పిల్లలను అక్కడికి పంపాలి.

పెద్దవాళ్లకూ ఈ బాధ ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు, బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాళ్లు, అరవై దాటినవాళ్లు ఫంక్షన్ హాల్లో మాట అందక ముభావంగా కూర్చుంటారు. కావాలనే విననట్టు నటిస్తున్నారని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. ఎదురుగా నిలబడి, టీవీ కట్టేసి మాట్లాడితే సగం తగాదాలుండవు.

బడిలోనూ అంతే. పిల్లాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టడం, వాడి వైపు తిరిగి చెప్పడం, చెప్పింది బోర్డు మీద రాయడం, కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయడం ఖర్చులేని, లేదా స్వల్ప ఖర్చుతో అయ్యే పనులు. తరగతి గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. విమానాశ్రయం చుట్టుపక్కల బడుల్లో పాఠం జరిగే వేళ ఆ శబ్దం కొలిచి, వచ్చిన అంకెను తల్లిదండ్రుల సమావేశంలో చెప్పే పని విద్యాశాఖ ఈ ఏడాదే మొదలుపెట్టాలి. అందుకు సౌండ్ మీటరు, దాన్ని పట్టుకుని తరగతి చివరి బెంచీలో ఒక పీరియడ్ కూర్చునే మనిషి ఉంటే చాలు.