గురి తప్పని బాంబు, గుర్తు తప్పే మనిషి

సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దు అడవులలో 2023 జనవరి 11న డ్రోన్లు, హెలికాప్టర్లతో బాంబుదాడి జరిగిందని మావోయిస్టులు, కొందరు గ్రామస్థులు ఆరోపించారు. అధికారులు ఆ ఆరోపణను ఖండించారు. ఇటువంటి వివాదం తలెత్తినప్పుడల్లా ఒక వాదన వినవస్తుంది: నేటి ఆయుధాలు గురి తప్పవు గనుక సామాన్యులకు ముప్పు లేదని. ఆ గురి ఎటువంటిదో ముందు తెలుసుకొనడం అవసరం.

బాణానికి తోకన ఈకలు కట్టిన వేటగానికి తెలిసిన సూత్రమే క్షిపణికీ ఆధారం. గాలి ఒత్తిడి పనిచేసే కేంద్రం గురుత్వ కేంద్రానికి వెనుక ఉన్నంతకాలం, ముక్కు పక్కకు తొలగితే గాలి తోకను నెట్టి దానిని మళ్ళీ దారికి తెస్తుంది. తుపాకి గుండు అయితే తన చుట్టూ తాను గిరగిర తిరగడం వల్ల నిలకడ పొందుతుంది. అయితే నిలకడ మితిమీరితే ఆయుధం మలుపు తిరగనని మొరాయిస్తుంది. తగ్గితే పల్టీలు కొడుతుంది. ఈ రెంటి మధ్య సమతూకం సాధించడమే రూపకర్తలకు అసలు పరీక్ష. గైరోస్కోపులు వంపును కొలుస్తాయి, కంప్యూటరు దారి తప్పిన మేరను లెక్కకడుతుంది, చిన్న మోటార్లు రెక్కలను కొద్ది డిగ్రీలు తిప్పుతాయి. సెకనుకు అనేక పర్యాయాలు ఇదే తంతు. లేజర్ బాంబు అయితే లక్ష్యం మీద పడి ప్రతిఫలించే కాంతిని వెతుక్కుంటూ పోతుంది.

ఈ విద్యలో హైదరాబాదు ప్రయోగశాలల కృషి చిన్నది కాదు. డ్రోన్ నుంచి ప్రయోగించే క్షిపణిని కర్నూలు సమీపాన విజయవంతంగా పరీక్షించినట్లు 2025 జులైలో రక్షణ శాఖ ప్రకటించింది. అది సంతోషించదగినదే.

కానీ రెక్కలు సరిదిద్దేది దారిని మాత్రమే. చేరవలసిన చోటును నిర్ణయించేది మనిషి. 1999 మే 7న బెల్‌గ్రేడ్‌లో అమెరికా బాంబులు గురి తప్పలేదు. లక్ష్యంగా ఇచ్చిన భవనం మీదనే పడ్డాయి. అది చైనా రాయబార కార్యాలయం! ముగ్గురు మరణించారు. తప్పు యంత్రానిది కాదు, చిరునామాను గుర్తించిన వారిది.

సుక్మాకు పొరుగున, బీజాపూర్ జిల్లా సార్కేగూడలో 2012 జూన్ 28 రాత్రి భద్రతా దళాల కాల్పులలో 17 మంది చనిపోయారు. వారు మావోయిస్టులని చెప్పడానికి తగిన సాక్ష్యం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చిన సంగతి 2019లో బయటపడింది. తుపాకి దూరంలో నిలిచిన వారే సమావేశమైన గ్రామస్థులను గుర్తించలేకపోయినప్పుడు, ఆకాశం నుంచి చెట్ల గుబుర్ల సందున చూసే కెమెరా ఇప్పపూలు ఏరుకొనే వారిని ఎలా పోల్చుకోగలదు? మావోయిస్టుల మందుపాతరలకు జవాన్లు బలైన మాట నిజమే. అంతమాత్రాన ఈ ప్రశ్న చెల్లిపోదు.

స్వదేశపు నేల మీద ఇటువంటి ఆయుధాల వినియోగం ఎన్నడైనా తలపెట్టేట్లయితే లక్ష్యాన్ని ఖరారు చేసేదెవరు, ఏ ఆధారంతో, ఆ చిత్రాలు ఏ న్యాయాధికారి ముందుకు వస్తాయి అనే విషయాలను ప్రభుత్వం ముందుగానే పార్లమెంటుకు తెలియజేయాలి.