నత్తనడక పడవలో నాలుగు రోజులు

హీరో విమానం దిగుతాడు. హీరోయిన్ మంచులో పల్చటి చీర కట్టుకుని పాడుతుంది. మన సినిమాల్లో విదేశం అంటే ఇంతే కదా! గంటకి నాలుగు మైళ్ళకి మించి పోకూడదన్న వాహనంలో నేను విదేశం చూసొచ్చానంటే నమ్ముతారా? బాతులు కూడా మమ్మల్ని దాటి పోయాయి సుమండీ!

మొన్న డిసెంబర్లో బర్మింగ్‌హామ్‌లో ఉన్న నా కాలేజీ మిత్రుడు ఫోన్ చేశాడు. "నాన్నని తీసుకుని పడవ మీద నాలుగు రోజులు తిరుగుదామనుకుంటున్నాన్రా. నువ్వూ రా. మళ్ళీ ఏడాదికి ఆయన ఎలా ఉంటారో చెప్పలేం" అన్నాడు. వాళ్ళ నాన్నగారిది కోనసీమ. నేను బాబాయ్ అని పిలుస్తాను. రెండేళ్ళుగా ఆయనకి మతిమరుపు జబ్బు. ఒక్కోసారి కొడుకుని కూడా "ఎవరండీ మీరు?" అని అడుగుతున్నారట.

పడవ పేరు నేరోబోట్. పేరుకి తగ్గట్టే వెడల్పు ఏడడుగుల లోపే. పొడవు మాత్రం రైలు పెట్టెలా ఉంటుంది. అక్కడి పాత కాలవల లాకులు ఏడడుగుల వెడల్పుకే కట్టారు మరి! ఒకప్పుడు గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో వీటిని లాగేది. బొగ్గూ, కుండలూ మోసిన పడవల్లో ఇప్పుడు పడక, వంటగది, బొగ్గు పొయ్యి అన్నీ పెట్టి అద్దెకిస్తున్నారు. ఆవకాయ మాత్రం మనమే తీసుకెళ్ళాలి!

వేల్స్‌లో ట్రెవర్ అనే ఊళ్ళో ఎక్కాం. చుక్కాని ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. ఇది నా బుర్రకెక్కేలోగా గట్టుని మూడుసార్లు ముద్దు పెట్టుకున్నాం. ఆ తర్వాత వచ్చింది పాంట్‌కసిల్తె వంతెన. వంతెన మీద రోడ్డుంటుంది, లేదా రైలుంటుంది. దీని మీద కాలవ ఉంది! టెల్ఫర్డ్, జెస్సప్ అనే ఇంజనీర్లు కట్టిన ఈ వంతెన మీద 1805లో పడవలు నడిచాయి. కింద 126 అడుగుల లోతున డీ నది. ఒకవైపు నడక దారీ, దానికి కటకటాలూ ఉన్నాయి. రెండోవైపు ఇనప తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. బాబాయ్ మాత్రం తొంగి చూసి, "గోదారి కంటే చిన్నదే" అని తేల్చేశారు.

సినిమా పత్రికలో ఈ కాలవల గోలేమిటంటారా? ఉంది సంబంధం. తిమోతీ వెస్ట్, ప్రునెల్లా స్కేల్స్ అని బ్రిటిష్ నటుల జంట. 'ఫాల్టీ టవర్స్'లో మొగుణ్ణి గడగడలాడించిన సిబిల్ ఆవిడే. 1963లో పెళ్ళయింది. ఇలాంటి పడవల మీద తిరగడమంటే ఇద్దరికీ ప్రాణం. 2014 నుంచి వాళ్ళ కాలవ ప్రయాణాలు టీవీలో వచ్చాయి. అప్పటికే ఆవిడకి మతిమరుపు మొదలైంది. ఆ సంగతి ఇద్దరూ దాచలేదు. నిన్నటి ఊరు గుర్తుండకపోయినా, ఇవాళ్టి కాలవని ఆవిడ చిన్నపిల్లలా చూస్తుంటే దేశమంతా ముచ్చటపడింది. ఆయన 2024లోనూ, ఆవిడ 2025లోనూ కన్నుమూశారు. మావాడికి ఈ ప్రయాణం ఆలోచన వచ్చింది ఆ కార్యక్రమం చూశాకే.

రెండో రోజు న్యూ మార్టన్ లాకులు. ఇంజన్ పక్కన నేనూ బాబాయ్. మావాడు గట్టు మీద ఇనప హ్యాండిల్‌తో కింది షట్టర్లు తిప్పుతున్నాడు. నీళ్ళు దిగుతున్నాయి, మేమూ దిగుతున్నాం. నేను మహా హుషారుగా బాపుగారి 'అందాల రాముడు' కథ చెబుతున్నాను. ఉన్నట్టుండి బాబాయ్ నా జబ్బ పట్టుకుని, "ఒరేయ్! పడవ వెనక్కి జారుతోంది! ముందుకి తియ్!" అని కేకేశారు.

తిరిగి చూద్దును కదా, గుండె ఆగింది. లాకు పైతలుపు కింద నీళ్ళలో రాతి గట్టు ఉంటుంది. నీళ్ళు దిగేటప్పుడు పడవ తోక దాని మీద చిక్కుకుంటే, ముందు భాగం కిందికి వంగి పడవ మునుగుతుంది. ఎంత దూరంలో ఉండాలో గోడ మీద తెల్లగీత గీసి మరీ చెప్పారు. ఆ గీత మా వెనక కాదు, మా పక్కనే ఉంది! ఇంజన్ ముందుకి తోశాను. మావాడు షట్టర్లు దించేశాడు. తప్పు నాదే. లాకులో కబుర్లేమిటి నాకు?

"మీకెలా తెలిసింది బాబాయ్?" అన్నాను వణుకుతూ.

"లాకుల పక్కన పుట్టినవాణ్ణి, నాకు తెలీదేంట్రా?" అన్నారు. కాటన్ దొర కాలవల మీద పడవలకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడిచి లాగడం, లాకు తలుపులు తెరిచేదాకా పడవలు బారులు తీరడం... ఆ సాయంత్రం పొయ్యి దగ్గర గంటసేపు చెప్పారు. ఒక్క మాట తడబడలేదు. మావాడు రాసుకుంటూ కూర్చున్నాడు.

మీరూ వెళ్ళదల్చుకుంటే ఒక్క మాట. చలికాలంలోనే అక్కడ లాకుల మరమ్మతులు చేస్తారు. ఏ దారి మూసి ఉందో ముందే కనుక్కోండి. నాలుగింటికే చీకటి పడుతుంది, ఆలోగా పడవ కట్టెయ్యాలి.

మర్నాడు పొద్దున్న కాలవ మీద పల్చగా మంచు పేరుకుంది. బాబాయ్ టీ తాగుతూ కొడుకుని చూసి, "ఈ పడవ మీదేనా బాబూ?" అని అడిగారు.

"అవునండీ. మీరుండబట్టే మిగిలింది" అన్నాడు మావాడు, ఆయన శాలువా సరిచేస్తూ.