చెవి బిళ్లకా బీమా, పశువునకా?

ఎనుము చచ్చిన మాట నిజము. పశువైద్యుడు వచ్చి, కళేబరమును పరీక్షించి, పాముకాటు వలన చచ్చినదని వ్రాసి సంతకము చేసెను. ఇరుగుపొరుగువారు పదిమంది చూచుచుండగా గోతిలో పూడ్చిరి. ఆ ఇంటి పిల్లలు రెండు పూటలు అన్నము ముట్టలేదు. ఇన్నియు నిజమే గాని, చచ్చినది తాము బీమా చేసిన ఎనుమే యని నమ్ముటకు వీలులేదని బీమా కంపెనీవారు సెలవిచ్చినారు. కారణ మేమన, చచ్చిననాడు దాని చెవికి పసుపుపచ్చని బిళ్ల లేదట!

ఈ కుటుంబము సిరుగుప్ప తాలూకాలో కాలువ క్రింద మూడు తరములుగా సేద్యము చేసికొనుచున్న తెలుగు కుటుంబము. తమ పేరు ప్రకటించుట వారికి ఇష్టము లేదు. కంపెనీ పేరు ప్రకటించుట మాకు ముఖ్యము కాదు. ఏలయన ఇది ఒక్క కంపెనీతో పోవు జబ్బు కాదు. ఎనుమును 60,000 రూపాయలకు బీమా చేయించిరి. చావునకు ఇరువది దినములకు ముందు అది కట్టుగుంజకు చెవి రాచుకొనగా బిళ్ల ఊడిపడినది. యజమాని దానిని జేబులో వేసికొని పోయి, పాలసీ వ్రాయించిన ఏజెంటునకు చూపెను. “మరల వేయింతము లెండి” అని ఆయన అనెను. వేయించలేదు. ఎనుము చచ్చిన దినముననే కబురు పంపిరి. పాలసీ, శవపరీక్ష పత్రము, ఊడిన బిళ్ల, అన్నియు అందజేసిరి. నాలుగు నెలలకు ఒక ఉత్తరము వచ్చినది. ఆంగ్లమున నాలుగు పంక్తులు. ఆ నాలుగు పంక్తులను చదివించుకొనుటకే వారు మా కార్యాలయమునకు వచ్చిరి.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని పెద్దలు ఊరక అనలేదు. ఇచ్చట దేవుడు ఇచ్చిన వర మేమో మన పాఠకులు ముందుగా తెలిసికొనవలెను.

పాడిపశువుల బీమా పథకమును కేంద్ర ప్రభుత్వము 2005–06లో నూరు జిల్లాలలో ప్రయోగముగా ప్రారంభించెను. 2014–15లో అది జాతీయ పశుసంపద పథకములో చేరినది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము మరియొక మేలు చేసెను. అంతకు మునుపు ప్రీమియములో రైతు వాటా నూటికి 20 మొదలుకొని 50 వరకు ఉండెడిది. దానిని అందరికిని నూటికి 15గా తగ్గించిరి. మిగిలిన 85 వంతులను కేంద్రము, రాష్ట్రము 60:40 పాళ్లలో భరింపవలెనని నిర్ణయించిరి. ఒక్కొక్క కుటుంబమునకు పది పశువుల వరకు ఈ సదుపాయము కలదు. గొఱ్ఱెలు, మేకలు పదియైన ఒక పశువు క్రింద లెక్క.

లెక్క వేసి చూతము. 60,000 రూపాయల ఎనుమునకు ఏటికి నూటికి 3 వంతున ప్రీమియ మనుకొన్నచో మొత్తము 1,800 రూపాయలు. ఇందులో రైతు చెల్లించునది 270 రూపాయలు. తక్కిన 1,530 రూపాయలలో 918 కేంద్రపు బొక్కసము నుండి, 612 రాష్ట్రపు బొక్కసము నుండి కంపెనీకి చేరును. ఇది ఎవరి సొమ్ము? మన పన్నుల సొమ్ము. కావున రైతు క్లెయిమును కారణము లేక త్రోసివేయు కంపెనీ ఆ రైతునకు మాత్రమే కాక, ప్రీమియములో అధిక భాగము చెల్లించిన ప్రజలకును జవాబుదారి. “270 రూపాయలు కట్టి 60,000 అడుగుచున్నారు” అని ఒక ఉద్యోగి ఎగతాళి చేసినట్లు విన్నాము. ఆయనకు చేరినది 1,800 అని ఆయనకు తెలియదా?

ఆ పథకపు మార్గదర్శక సూత్రములు ఇంకను స్పష్టముగా ఉన్నవి. క్లెయిమునకు నాలుగు పత్రములు చాలును: మరణవార్త తెలిపిన కాగితము, పాలసీ, క్లెయిము ఫారము, శవపరీక్ష నివేదిక. ఇవి అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపవలెను. ఆలస్యమైనచో కంపెనీ నూటికి 12 వంతున చక్రవడ్డీ ఇచ్చుకొనవలెను. ఈ కుటుంబము నిరీక్షించినది పదునైదు దినములు కాదు, నాలుగు నెలలు. వడ్డీ మాట అటుండగా అసలే లేదనిరి.

కంపెనీ పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. దానిని దాచుట మాకు పాడి కాదు. బిళ్లను వేయు ఖర్చు కంపెనీది, దానిని కాపాడు బాధ్యత రైతుది అని ఆ సూత్రములలోనే ఉన్నది. బీమా లేని పశువు చచ్చిన, బీమా ఉన్న పశువు బిళ్లను తెచ్చి చూపి సొమ్ము కాజేసినవారు లోకములో ఉన్నారు. ముసలిపశువునకు పడుచు వయస్సు వ్రాయించినవారును ఉన్నారు. ఇట్టి మోసము వలన ప్రీమియము పెరిగి, నిజాయితీపరులైన రైతులే నష్టపడుదురు. కావున గుర్తు ఉండవలెననుట న్యాయమే.

కాని గుర్తు ఎందులకు? పశువును పోల్చుకొనుటకు. బిళ్ల ఒక్కటే గుర్తయినచో, పాలసీ వ్రాయునాడు యజమానితో కలిపి ఒక ఫోటో, చెవి బిళ్ల కనబడునట్లు మరియొక ఫోటో తీయవలెనని అవే సూత్రములు ఏల విధించినవి? పండ్రెండు అంకెల సంఖ్య వేసి, జాతి, వయస్సు, యజమాని పేరు ప్రభుత్వపు లెక్కలలో ఏల ఎక్కించిరి? కొమ్ముల తీరు, నుదుటి చుక్క, తోక కుచ్చు ఫారములో ఏల వ్రాయించుకొనిరి? శవపరీక్ష పత్రములో పశువైద్యుడు వ్రాసిన గుర్తులు ఈ ఫారములోని గుర్తులతో సరిపోయినవి. ఊడిన బిళ్ల మీది అంకెలు పాలసీ మీది అంకెలే. పోల్చుటకు ఇన్ని ఆధారము లుండగా, ఒక్కటి చెవికి లేదని తక్కిన వన్నియు చూడననుట మోసమును అరికట్టుట కాదు; చెల్లింపును తప్పించుకొనుట. బిళ్ల సాక్ష్యములలో ఒక్కటి మాత్రమే. సాక్షి ఒకడు తప్పిపోయినంత మాత్రమున తక్కిన సాక్షులను విచారింపకయే వ్యాజ్యమును కొట్టివేయు న్యాయాధిపతి ఎచ్చటనైనను ఉన్నాడా?

ఇక భాష సంగతి. ఆ రైతు ఫారము మీద తెలుగున సంతకము చేసెను. ఆ సంతకము పైనున్న షరతులు ఆంగ్లమున ఉన్నవి. పాలసీ మొదలైన 15 దినములలో రోగము వచ్చి చచ్చిన సొమ్ము రాదు, దొంగిలింపబడిన రాదు, టీకా వేయింపక గొంతువాపు, జబ్బవాపు వంటివి వచ్చి చచ్చిన చిక్కే, ముందే ఉన్న జబ్బును దాచిన రాదు. ఇట్టి షరతులు పాలసీలలో సామాన్యముగా ఉండును. వీనిలో కొన్ని న్యాయమైనవే. కాని తెలియని షరతును ఎవడు పాటింపగలడు? టీకా చీటీని దాచుకొనవలెనని చెప్పినవారు లేరు. బిళ్ల ఊడినచో నోటిమాట చాలదు, వ్రాతమూలకముగా తెలుపవలెనని చెప్పినవారు లేరు.

ఇందు కన్నడ సోదరులపై మాకు ఏ ఫిర్యాదును లేదు. కన్నడము మన వీధి భాష, మన బడి భాష, మన పిల్లల భాష. అసలు విషయమేమన, ప్రక్క పొలములోని కన్నడ రైతునకు సైతము ఆ ఆంగ్ల పత్రము అర్థము కాలేదు. అతడును మన వలెనే వ్రేలు చూపిన చోట సంతకము పెట్టినవాడే. కావున తెలుగు ఫారముల కొరకు మనము కోరుచున్న కోరిక కన్నడ ఫారముల కొరకు వారు కోరవలసిన కోరికకు తోబుట్టువు. ఇద్దరము కలిసి అడుగుటయే ఉచితము.

అడుగుటకు ఆధారము లేదా? కలదు. మన రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము కష్టనివారణ కొరకు ఏ వ్యక్తియైనను కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ప్రభుత్వాధికారికి విజ్ఞప్తి చేసికొనవచ్చును. తాలూకా పశువైద్యాధికారికి, జిల్లాధికారికి తెలుగున అర్జీ వ్రాయుట మన హక్కు; ఎవరి దయయు కాదు. ఇది ప్రైవేటు కంపెనీలను కట్టదని ఎవరైన అనవచ్చును. వారికి వేరు విధి కలదు. బీమా నియంత్రణ సంస్థ పాలసీదారుల రక్షణకై 2002లో చేసిన నిబంధనలలో, సందర్భమును బట్టి పత్రములను రాజ్యాంగము గుర్తించిన భాషలలో అందజేయవచ్చునని వ్రాసిరి. ఫారములోని విషయములు తనకు పూర్తిగా వివరింపబడినవని బీమాదారుని చేత ధ్రువీకరణ తీసికొను పద్ధతిని గూర్చియు అందు వ్రాసిరి. వివరించిన వారెవరు? ఎప్పుడు? ఏ భాషలో? ఈ మూడు ప్రశ్నలు అడిగిన రైతును మేము ఇంతవరకు చూడలేదు. ఇకమీదట చూడగోరుచున్నాము.

సరిహద్దు జిల్లాకు తనదైన తిప్పట మరియొకటి కలదు. 1953 అక్టోబరు 1న గీత గీచి ఆదవాని, ఆలూరు, రాయదుర్గములను ఆంధ్రమునకు, బళ్లారిని మైసూరునకు పంచిరి. మనుష్యులు ఆ గీతకు అలవాటుపడిరి. పశువులకు అది తెలియదు. అటు సంతలో కొన్న ఆవు ఇటు కొట్టమునకు వచ్చును. దాని బిళ్లసంఖ్య అమ్మినవాని పేరనే నిలిచియుండును. పశువు అమ్ముడు పోయినచో మిగిలిన కాలమునకు పాలసీని కొన్నవాని పేర మార్చవలెనని పథకములోనే ఉన్నది. కాని రెండు రాష్ట్రముల నడుమ ఆ మార్పిడిని చేయించుకొనుటకు తిరుగు రైతు పాట్లు పగవానికి వద్దు. గొఱ్ఱెలవారి కష్టము ఇంతకంటె హెచ్చు. బళ్లారి గొఱ్ఱె జాతిగా దేశమున పేరుగన్నది. ఆ మందలు మేతకై ఊరూరు తిరుగును. బీళ్లలో అర్ధరాత్రి చిటుకు రోగముతో నాలుగు జీవములు పడిపోయిన, ఆ కాపరి పశువైద్యుని ఎచ్చట వెదకును? ఈ మందల సంచారమును ఎరిగి చేసిన నిబంధన కావలెను గాని, ఒక్కచోట కదలని పశువును దృష్టిలో నుంచుకొని చేసిన నిబంధన వీరి కెట్లు పనికివచ్చును?

పట్టణములలో కుక్కలను పెంచువారు ఇది పల్లెల గోల యని పుట తిప్పివేయవలదు. నేడు మన దేశములో పెంపుడు కుక్కలకును బీమా అమ్ముచున్నారు. స్వీడను దేశమున 1924లోనే కుక్కకు పాలసీ వ్రాసిరట. నేడు అచ్చట అత్యధిక భాగము కుక్కలకు బీమా ఉన్నది. ప్రజలు నమ్మిరి కావుననే అది వృద్ధిపొందినది. ఆ నమ్మకము చెల్లింపుల వలన కలుగును గాని ప్రకటనల వలన కలుగదు.

తప్పంతయు అవతలివారిదే యని చేతులు కడుగుకొనుట మాకు సమ్మతము కాదు. మనలో ఒక పాతజబ్బు కలదు. “కచేరి మెట్లెక్కిన వంశము కాదు మాది”, “పరాయి రాష్ట్రములో మనకేల తగవు” అని ఊరకుండుట మర్యాద యనుకొనుచున్నాము. తాతముత్తాతలు పుట్టిన గడ్డ పరాయి ఎట్లయినది? అడుగనిదే అమ్మయైనను పెట్టదు. అడుగక పోగొట్టుకొన్న సొమ్మును అదృష్టము మీదికి నెట్టుట మర్యాద కాదు, సోమరితనము. ఖాళీ ఫారము మీద సంతకము చేయుట, వయస్సు తప్పు వ్రాయుచుండగా చూచి ఊరకుండుట, రసీదును పంచాంగములో పెట్టి మరచుట కూడ మన తప్పులే. వీనిని మానక ఇతరులను నిందించిన, మన మాటకు బరువుండదు.

కావున ప్రతి ఇంటివారును ఈ కొలది పనులు చేయవలెనని ప్రార్థించుచున్నాము. పాలసీ చేతికి వచ్చిన దినముననే ఎవరిచేతనైన చదివించి షరతులను తెలుగున వ్రాసికొనుడు. బిళ్ల కనబడునట్లు ఫోటో తీసి దాచుడు. టీకా చీటీలను పాలసీతో కలిపి కట్టుడు. బిళ్ల ఊడిన నాడే కాగితము మీద తెలిపి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు. పశువు చచ్చినచో పరీక్ష కాకముందు పూడ్చవలదు. క్లెయిము త్రోసివేసినచో ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు వ్రాయుడు. నెలలోగా జవాబు రాకపోయినను, వచ్చిన జవాబు న్యాయముగా లేకపోయినను, ఏడాదిలోపల బెంగళూరులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. అచ్చట రుసుము లేదు, వకీలు అక్కరలేదు. జిల్లా వినియోగదారుల కమిషనునకు పోవుటకు రెండేండ్ల గడువు కలదు. 5 లక్షల లోపు వ్యవహారమునకు అచ్చటను రుసుము లేదు.

ఆ సిరుగుప్ప కుటుంబపు అర్జీని మేము తెలుగున వ్రాసి, కన్నడమునకు మార్చి, రెండును జతపరచి పంపితిమి. సొమ్ము వచ్చునో రాదో చెప్పజాలము. కాని ఆ ఇంటి పెద్ద సంతకము చేయుటకు ముందు ఈసారి ప్రతి పంక్తిని చదివి, ఒక తప్పును తానే దిద్దెను. “ఎనుము కొమ్ము కుడివైపు వంకర, మీరు ఎడమ అని వ్రాసితిరి” అనెను. తన పశువును ఎరిగినవాడు అట్లే మాటలాడును. చెవి బిళ్ల లేకపోయినను తన పశువును పోల్చుకొనగల యా మనుష్యుని మాటకు విలువ కట్టించుటయే మన సంఘము తలపెట్టిన పని. ఇట్టి కాగితములు మీ ఇండ్లలో ఇంకను ఎన్ని ఉన్నవో తీసికొని రండు.