పూల్ లైట్ల కండ్యూట్ పైపుల గుండా లీకేజీ: నివారణ చర్యలు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన నగరపాలక సంస్థ కమిషనర్ గారి, విద్యుత్ తనిఖీ అధికారి గారి సముఖమునకు

స్విమ్మింగ్ పూల్ గోడకు నీటిమట్టం కన్నా దిగువన బిగించే లైటు ఒక గూడులో ఉంటుంది. ఆ గూడులోకి నీళ్లు చేరడం లోపం కాదు. ఈ రకం లైట్లు చల్లబడేదే ఆ నీటివల్ల. గూడు వెనక నుంచి ఒక కండ్యూట్ పైపు గోడలోపలగా పైకి వెళ్లి జంక్షన్ బాక్సులో తేలుతుంది. లైటు కేబుల్ నడిచేది ఆ పైపులోనే. పూల్ నిండినప్పుడు పైపులోనూ నీళ్లు అదే మట్టానికి నిలుస్తాయి. అంటే నీటిని నిలిపే విషయంలో ఆ పైపు కూడా తొట్టిలో భాగమే. కట్టేవాళ్లు మాత్రం దాన్ని ఉత్త కరెంటు పైపుగానే చూస్తున్నారు. అపార్ట్‌మెంట్ల నివాసులకు వచ్చిపడుతున్న చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతున్నాయి.

ఇంటి గోడల్లో కండ్యూట్ అతుకులకు సొల్యూషన్ పూయకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి వదిలేసినా నష్టం లేదు, వైర్లకు చాటు దొరికితే చాలు. పూల్‌లో అలా కుదరదు. ఒక మీటరు లోతున నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 గ్రాములే అయినా అది రాత్రింబవళ్లూ ఆగదు. గూడుకూ పైపుకూ మధ్య అతుకు, వంపుల దగ్గరి అతుకులు, గట్టు కింద మన్ను కుంగినచోట పగిలిన ముక్క: నీళ్లు ఈ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట దారి చేసుకుంటాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కనుక అక్కడ ఈ బెడద మరీ ఎక్కువ. ఇనుప పైపు వాడినచోట క్లోరిన్ నీళ్లే దాన్ని తినేస్తాయి.

నష్టం చిన్నదేమీ కాదు. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు ఉన్న పూల్‌లో మట్టం ఒక్క సెంటీమీటరు పడితే పోయినవి 3,125 లీటర్లు. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే సముదాయాల్లో ఆ లోటునూ ట్యాంకర్‌తోనే పూడ్చాలి.

మేడ మీద కట్టిన పూల్‌లో ఇది ప్రమాదంగా మారుతుంది. కండ్యూట్‌ను పైకి తీసుకెళ్లకుండా, దగ్గరి దారి అని కింది అంతస్తులోని ప్యానెల్ గదికి దించేస్తున్నారు. పైపు రెండో చివర నీటిమట్టం కన్నా కిందికి వచ్చాక నీళ్లను ఆపేది గూడు దగ్గర కుక్కిన సీలు ఒక్కటే. అది వదులైతే నీళ్లు నేరుగా స్విచ్‌ల మీదికే దిగుతాయి. కేబుల్ పైతొడుగు ఎక్కడైనా కోసుకుపోతే పైపు పొడిగా ఉన్నా తొడుగు లోపలినుంచి నీళ్లు పాకుతూ వస్తాయి. అప్పుడు కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పదేపదే పడిపోతుంది. అది చేయాల్సిన పనే చేస్తోంది. కానీ రాత్రిపూట లైట్లు ఆరిపోతున్నాయని దాన్నే తప్పించి కనెక్షన్ ఇచ్చేవారున్నారు. పిల్లలు దిగే నీళ్ల దగ్గర ఇంతకన్నా తెగింపు ఉండదు.

ఫిర్యాదు చేస్తే సమాధానం చెప్పే దిక్కు లేదు. వాటర్‌ప్రూఫింగ్ చేసినవారు అది కరెంటు పైపంటారు, వైరింగ్ చేసినవారు లీకేజీ సివిల్ పనంటారు. పూల్ అప్పగించిన బిల్డరు సిలికాన్ ట్యూబు ఒకటి పంపించి ఊరుకుంటారు. నీళ్లలో మునిగి, తడిగా ఉన్న చోట మామూలు సిలికాన్ పట్టు నిలవదు. గూడు వెనక పైపు మూతికి కేబుల్ చుట్టూ బిగిసే రబ్బరు బిరడా గానీ, నీటిలోనూ గట్టిపడే రెండు పాళ్ల ఎపాక్సీ పుట్టీ గానీ వాడాలి. తర్వాత కేబుల్ మార్చాల్సి వస్తే పుట్టీని చెక్కాలి, బిరడానైతే ఊడదీయవచ్చు. అందుకే వీలున్నచోట బిరడాయే మేలు. సీలు వేసే ముందు లైటును గట్టు మీదికి తీసేంత కేబుల్‌ను గూడులో చుట్టగా వదలాలి. పైపు మధ్యలో కేబుల్‌కు జాయింటు వేయకూడదు.

లీకేజీ ఎక్కడో తేల్చడానికి టైల్స్ పగలగొట్టనక్కర్లేదు. నీళ్లు నింపకుండా మట్టాన్ని పడనిస్తే, అది లైటు దగ్గరికి వచ్చి ఆగినప్పుడు అనుమానం గూడు మీదికి పోతుంది. అప్పుడు లైట్లకు కరెంటు తీసేసి, మోటారు ఆపి, నీళ్లు కదలకుండా నిలిచాక పైపు మూతి దగ్గర కొద్దిగా రంగు వదిలితే, అది లోపలికి లాగుకుపోవడం కంటికే కనిపిస్తుంది.

పూల్ ఉన్న భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు కండ్యూట్ పరీక్షను తప్పనిసరి చేయాలని నివాసులు కోరుతున్నారు. టైల్స్ వేయకముందే గూడు చివర మూసి, పై చివర నుంచి పైపులో నీళ్లు నింపి, 24 గంటల తర్వాత మట్టం చూస్తే సరిపోతుంది. దీనికి ప్రత్యేక యంత్రాలేవీ అక్కర్లేదు. జంక్షన్ బాక్సు పూల్ గరిష్ఠ నీటిమట్టం కన్నా ఎత్తులోనే ఉండాలనీ, కిందికి దించిన పైపులున్న పాత పూల్స్‌లో లైన్ మార్చేవరకు లైట్లు వెలిగించకూడదనీ ఆదేశించాలి. నీటిలోని లైట్లకు 12 వోల్టులకు మించని సరఫరా, నీటికి దూరంగా పెట్టిన సేఫ్టీ ట్రాన్స్‌ఫార్మర్, పనిచేస్తున్న ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో విద్యుత్ తనిఖీ అధికారులు ఏటా వేసవికి ముందు చూడాలి. గూడు నుంచి జంక్షన్ బాక్సు వరకు పైపు బాధ్యత బిల్డరుదేనని అప్పగింత పత్రంలో స్పష్టంగా రాయించాలి. ఆ పైపు వెళ్లిన దారి చూపే నక్షా నివాసుల సంఘానికి అందేలా ఉత్తర్వులివ్వాలని మనవి.

ఇట్లు,
నివాసుల సంఘం పక్షాన