తుపాకీ దించిన తర్వాత

మల్లు స్వరాజ్యం పేరెత్తగానే మనకు మెదిలే బొమ్మ ఒకటే. భుజాన తుపాకీ, చుట్టూ అడవి. 2022 మార్చి 19న ఆమె కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లోనూ ఎక్కువగా తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఆ నాలుగైదేళ్ల ముచ్చటే. చెప్పుకోదగ్గ ముచ్చటే, కాదనలేం. కానీ తుపాకీ దించాక ఆమె మరో డెబ్భై ఏళ్లు బతికారు. వాటి లెక్క ఎవరూ తీయరు.

1931లో సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో, భూస్వాముల ఇంట పుట్టారామె. పదేళ్లకే గోర్కీ 'అమ్మ' చదివారు. పదకొండో ఏట ఆంధ్ర మహాసభ పిలుపు విని, సొంత గాదెలోని గింజల్నే వెట్టివాళ్లకు పంచిపెట్టారు. చినతండ్రులు కళ్లెర్రజేశారు. తల్లి చొక్కమ్మ మాత్రం కూతురి పక్షానే నిలబడింది. అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి అప్పటికే ఉద్యమంలో ఉన్నారు కాబట్టి దారి ఉందిలే అనుకోవచ్చు. కానీ ఆ ఇళ్లలో కొడుకు గడప దాటడం వేరు, బిడ్డ దాటడం వేరు.

తుపాకీ కంటే ముందు ఆమె చేతికొచ్చింది ఉయ్యాల పాట. సభ పెడుతున్నామంటే ఊళ్లో ఆడవాళ్లు తలుపు చాటునే ఆగిపోయే కాలమది. బతుకమ్మ దగ్గర పాడుకునే బాణీ ఎత్తుకుంటే మాత్రం చప్పట్లు కలుపుతూ వచ్చేవాళ్లు. ఆ బాణీలోనే వెట్టి సంగతి, గడీల్లో ఆడపాపల గోస వినిపించేవారు స్వరాజ్యం. తర్వాత దళం వచ్చింది, రాజక్క అనే మారుపేరు వచ్చింది, తలకు పదివేల రూపాయల వెలా వచ్చింది.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. అసలు కథ అక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. నాయకులు ఎన్నికల బరిలోకి దిగారు. 1952లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి దేశమంతా చెప్పుకున్న మెజారిటీతో గెలిచారు. ఆలేరులో గెలిచిన ఆరుట్ల కమలాదేవి లాంటి ఒకరిద్దర్ని మినహాయిస్తే, దళాల్లో తిరిగిన ఆడవాళ్లు మళ్లీ పొయ్యి దగ్గరికే చేరారు. ఆ దుఃఖం అచ్చులోకి రావడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో స్వరాజ్యం గొంతుతో పాటు కమలమ్మ గొంతూ ఉంది. అడవిలో కన్న బిడ్డను ఉద్యమం కోసం పరాయి చేతుల్లో పెట్టిన తల్లి ఆమె. విగ్రహాలు పెట్టేవాళ్లు ముందు ఆ పుస్తకం చదివితే బాగుండు.

స్వరాజ్యం తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది 1978లో. అంటే పోరాటం ఆగిన 27 ఏళ్లకు. సీపీఎం తరఫున 1983లోనూ గెలిచారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డాక, ఆ సెగ రాష్ట్రమంతా పాకినప్పుడు అరవై దాటిన వయసులో ఆమె మళ్లీ ఊళ్లు తిరిగారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. మరో రెండేళ్లకు సర్కారు ఖజానా పేరు చెప్పి సడలించింది. తాగుడు మాన్పించడం దొరను గడీలోంచి తరమడం కంటే కష్టమని తేలిపోయింది.

ఆమె ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. పేరులో మాట ముందుంది, తూటా తర్వాతే. మనం మాత్రం తూటానే పట్టుకు వేలాడుతున్నాం.

ఆమె పోయిన ఏడాదిన్నరకు, 2023 సెప్టెంబరులో, చట్టసభల్లో మూడోవంతు సీట్లు మహిళలకే అంటూ పార్లమెంటు చట్టం చేసింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే మెలిక పెట్టింది. ఆ డిసెంబరులో తెలంగాణ ఫలితాలొచ్చాయి. 119 స్థానాల్లో గెలిచిన ఆడవాళ్లు పదిమంది.